అద్దె ఒక పద్దు, జీతం మరో పద్దు: ఆఫీసు భవనం పనికి ఎందుకు అడ్డొస్తుంది?

ఆఫీసు భవనాలు కట్టేవాళ్లు, కట్టించేవాళ్లు కలిసిన చోట 1:5:200 అనే నిష్పత్తి తరచూ వినిపిస్తుంది. భవనం కట్టడానికి ఒక వంతు ఖర్చయితే, దాని జీవితకాలంలో నిర్వహణకు, మరమ్మతులకు ఐదు వంతులు, అందులో పనిచేసేవాళ్ల జీతాలకు, వ్యాపారం నడపడానికి 200 వంతులు అవుతాయని దాని అర్థం. 1998లో బ్రిటన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ వెలువరించిన ఒక పత్రంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. వినడానికి బాగుంటుంది కాబట్టి అందరూ ఎత్తి రాసుకున్నారు. 2004లో రెడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ అంకెలకు ఆధారం ఏమిటని వెతికితే లెక్కలేవీ దొరకలేదు. నిజమైన ఖర్చులు సంపాదించి వాళ్లే కూడితే నిష్పత్తి 1:0.4:12 దగ్గర తేలింది.

200 కాస్తా 12కు దిగివచ్చినా అసలు వాదన మాత్రం చెక్కుచెదరలేదు. కట్టిన ఖర్చుకు పన్నెండు రెట్లు లోపల కూర్చునే మనుషుల మీద అవుతుంటే, వాళ్ల పని 2 శాతం మెరుగుపడినా నిర్మాణ వ్యయంలో దాదాపు నాలుగో వంతు తిరిగి వచ్చినట్టే. ఇంత తేలికైన లెక్క తెలిసి కూడా ఆఫీసులు గాలాడని గదులుగా, పక్కవాడి మాట చెవిలో పడే హాళ్లుగా ఎందుకు మిగిలిపోతున్నాయి? తెలియక కాదని నా అభిప్రాయం. భవనం కట్టేది ఒకరు, అద్దెకు తీసుకునేది మరొకరు. ఆ అద్దెదారు సంస్థలో కూడా స్థలాన్ని చూసుకునే విభాగం వేరు, జీతాలు లెక్కగట్టే విభాగం వేరు. ఒక్కో కుర్చీకి అయ్యే ఖర్చు ఎంత తగ్గిస్తే మొదటి విభాగానికి అంత మెప్పు. బల్లలు దగ్గరకు జరిపితే ఆదా అదే ఏడాది పద్దులో అంకెగా కనిపిస్తుంది. దానివల్ల పని మందగిస్తే ఆ నష్టాన్ని రాసుకోవడానికి ఏ పద్దూ ఉండదు.

ఉండకపోవడానికి కారణం ఉంది. ఆఫీసు పనిని కొలవడం చాలా కష్టం. ఇటుకలు పేర్చే మనిషి రోజుకు ఎన్ని పేర్చాడో లెక్కపెట్టవచ్చు. ఒప్పందంలో లొసుగు పట్టుకున్న న్యాయవాది, తప్పుడు ఆలోచనను మొదట్లోనే వదిలేసిన ఇంజనీరు ఆ రోజు ఎంత ఉత్పత్తి చేసినట్టు? అందుకే ఈ రంగంలో పరిశోధనలు ఎక్కువగా కాల్ సెంటర్ల మీద, బీమా దరఖాస్తుల మీద, టైపింగ్ పరీక్షల మీద జరిగాయి. అక్కడ లెక్కించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఫలితాలను తెచ్చి ఆలోచనే పనిగా బతికేవాళ్లకు అంటగట్టేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం.

జాగ్రత్త ఎంత అవసరమో చెప్పడానికి హాథార్న్ ఉదంతం చాలు. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924లో దీపాల వెలుతురు మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. వెలుతురు పెంచినా ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది అని కథ ప్రచారమైంది. పరిసరాలు ముఖ్యం కావని, తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే పని చేయిస్తుందని దాన్నుంచి సిద్ధాంతం పుట్టింది. దశాబ్దాల పాటు యాజమాన్య విద్యలో ఇదే పాఠం. పోయాయనుకున్న ఆ మూల లెక్కలు దొరికాక ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ వాటిని మళ్లీ పరిశీలించి 2011లో ప్రచురించారు. దీపాలు మార్చింది కర్మాగారం మూసి ఉండే ఆదివారాల్లో. శనివారంతో పోలిస్తే సోమవారం ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. అయితే ప్రయోగం లేని వారాల్లోనూ సోమవారం ఉత్పత్తి పెరుగుతూనే ఉంది! అంత పెద్ద సిద్ధాంతానికి పునాది ఇంత బలహీనంగా ఉందన్నమాట. పరిసరాలతో పనిలేదన్న వాదానికి హాథార్న్‌ను సాక్ష్యంగా తెచ్చేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు.

ఇక గోడల సంగతి. గోడలు లేని ఆఫీసు ఖర్చు తగ్గించుకునే ఎత్తుగడగా పుట్టలేదు. 1950ల చివర్లో హాంబర్గ్ దగ్గరి క్విక్‌బార్న్‌లో ఎబర్‌హార్డ్, వోల్ఫ్‌గాంగ్ ష్నెల్లె అనే అన్నదమ్ములు ఆఫీసులో ఏ కాగితం ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వెళుతుందో గమనించి, దానికి తగ్గట్టు బల్లలు అమర్చడం మొదలుపెట్టారు. వరుసలు లేవు, అధికారికి వేరే గది లేదు, మధ్యమధ్య మొక్కలు, కింద తివాచీ. హోదాను గోడలతో చాటుకునే పద్ధతిని పడగొట్టాలన్నది వాళ్ల ఉద్దేశం. అమెరికాలో హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ సంస్థకు రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1968లో రూపొందించిన రెండో తరం ‘యాక్షన్ ఆఫీస్’ కూడా ఇలాంటి మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కదిలించదగిన పలకలను విశాలమైన కోణంలో తెరిచి, ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు తమ చోటు దిద్దుకోవాలని ఆయన ఊహ. కొన్న సంస్థలు ఆ పలకలను లంబకోణానికి మడిచి డబ్బాలు చేశాయి. డబ్బా ఎంత చిన్నదైతే అదే హాల్లో అంత ఎక్కువ మంది పడతారు. పైగా అమెరికా పన్ను లెక్కల్లో గోడల కంటే ఫర్నిచర్‌కు తరుగుదల చాలా త్వరగా చూపించుకోవచ్చు. క్యూబికల్ అలా పుట్టింది. తన ఆలోచన చివరికి ఇలా తయారవడం శుద్ధ పిచ్చితనమని ప్రాప్‌స్టే తర్వాతి కాలంలో తిట్టిపోశాడు.

జర్మనీ కథ వేరే దారి పట్టింది. 1970ల్లో ఉద్యోగుల మండళ్లకు పని పరిస్థితుల మీద నోరు విప్పే హక్కు బలపడింది. అడిగినప్పుడు వాళ్లు చెప్పింది ఒకటే: ఈ హాళ్లు మాకొద్దు. దాంతో అక్కడ కిటికీ పక్కనే చిన్న చిన్న గదులుండే, వెడల్పు తక్కువ భవనాలు తిరిగి వచ్చాయి. ఒకే ఆలోచన రెండు దేశాల్లో రెండు రూపాలు తీసుకోవడానికి వాస్తుశిల్పుల అభిరుచి కారణం కాదు. గీత గీసేటప్పుడు ఎవరి మాట చెల్లిందన్నదే తేడా.

గోడలు తీసేస్తే మనుషులు ఎక్కువగా మాట్లాడుకుంటారన్న నమ్మకానికి పూర్తిగా ఆధారం లేకపోలేదు. 1970ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో థామస్ అలెన్ ఇంజనీర్ల మధ్య సంభాషణలను గమనించి, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ అవి వేగంగా పడిపోతాయని, సుమారు 50 మీటర్లు దాటితే దాదాపు ఆగిపోతాయని చూపించాడు. దగ్గరితనం పని చేస్తుంది. దగ్గరగా ఉండటం, బట్టబయలుగా ఉండటం ఒకటే అనుకోవడం దగ్గర తప్పు జరిగింది. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు పెద్ద సంస్థలు గోడలు తీసేసిన హాళ్లకు మారుతున్నప్పుడు ఉద్యోగుల మెడలో కొలత పరికరాలు వేసి మార్పుకు ముందు, తర్వాత గమనించారు. 2018లో వెలువడిన ఫలితం: ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. అందరి కళ్లూ తమ మీదే ఉన్నప్పుడు మనుషులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తమ చుట్టూ తామే గోడ కట్టుకుంటారు.

శబ్దం గురించి సాధారణంగా ఉండే అపోహ కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. పనిని చెడగొట్టేది శబ్ద తీవ్రత కంటే ఎక్కువగా అర్థమయ్యే మాట. ఏసీ రొద, వాన చప్పుడు ఎంత గట్టిగా ఉన్నా మెదడు కాసేపటికి పక్కన పెట్టేస్తుంది. మాటను అలా పక్కన పెట్టలేదు, ఎందుకంటే చదవడానికి, రాయడానికి, అంకెలు మనసులో పట్టుకోవడానికి వాడే యంత్రాంగమే మాటను అర్థం చేసుకోవడానికీ వాడుతుంది. సగం మాత్రమే వినిపించే ఫోను సంభాషణ ఇంకా దారుణం. అవతలివాళ్లు ఏమన్నారో ఊహించే పనిలో మనసు తనకు తెలియకుండానే దిగిపోతుంది. ఇద్దరూ మాట్లాడుకునేది వినడం కంటే ఒక వైపే వినడం ఎక్కువ ధ్యానభంగం చేస్తుందని 2010లో ప్రయోగపూర్వకంగా చూపించారు. దీన్నుంచి వచ్చే విచిత్రం ఏమిటంటే, మరీ నిశ్శబ్దమైన హాలు కొన్నిసార్లు మరీ కష్టమైన హాలు. నలుగురే ఉన్నప్పుడు ఒక్కరి గొంతు గది అంతా స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే ఓపెన్ ఆఫీసుల కోసం 2012లో వచ్చిన ఐఎస్ఓ 3382-3 అనే అంతర్జాతీయ ప్రమాణం డెసిబెల్స్‌తో ఆగకుండా, మాట ఎంత దూరం వరకు అర్థమై ధ్యానం చెదరగొడుతుందో మీటర్లలో కొలుస్తుంది. శబ్దాన్ని పీల్చుకునే సీలింగు, బల్లల మధ్య తగినంత ఎత్తున్న తెరలు, సన్నటి నేపథ్య ధ్వని, ఫోను మాట్లాడటానికి విడి గదులు, ఈ నాలుగూ కలిస్తేనే ఆ దూరం తగ్గుతుంది. ఖర్చు తగ్గించే వేళ మొదట కత్తెర పడేది కూడా వీటి మీదే. నున్నటి కాంక్రీటు సీలింగు ఫొటోలో అందంగా వస్తుంది మరి.

ఈ బేరంలో లాభనష్టాలు తూచినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో భవనాల మీద పరిశోధించే సెంటర్ ఫర్ ది బిల్ట్ ఎన్విరాన్‌మెంట్ ఏళ్ల తరబడి సేకరించిన 303 ఆఫీసు భవనాల సర్వే సమాధానాలను, 42 వేలకు పైగా, జంగ్‌సూ కిమ్, రిచర్డ్ డి డియర్ 2013లో విశ్లేషించారు. గోడలు లేనందువల్ల కలివిడి పెరుగుతుందన్న లాభం, శబ్దం వల్ల, ఏకాంతం పోవడం వల్ల కలిగే అసంతృప్తిని పూడ్చలేకపోయిందని తేలింది. సర్వే చెప్పేది సంతృప్తి గురించే, ఉత్పత్తి గురించి కాదు. అయినా అంత పెద్ద కుప్పలో ఫలితం ఇంత స్పష్టంగా ఒక వైపే మొగ్గడాన్ని తేలిగ్గా తీసేయలేం.

కంటికి కనిపించదు గనుక గాలి మీద వాదోపవాదాలు మరీ ఎక్కువ. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 420 వంతులు, ఉంటుంది. తలుపులు మూసిన సమావేశ గదిలో పది మంది గంట సేపు కూర్చుంటే అది రెండు వేలు దాటడం వింతేమీ కాదు. 2015లో హార్వర్డ్‌కు చెందిన జోసెఫ్ అలెన్ బృందం 24 మందిని సిరక్యూస్‌లోని ఒక ప్రయోగశాల ఆఫీసులో ఆరు రోజులు పని చేయించి, వాళ్లకు చెప్పకుండా గాలి నాణ్యతను మార్చింది. మంచి గాలి ఉన్న రోజుల్లో నిర్ణయాలు తీసుకునే పరీక్షలో మార్కులు 61 శాతం, గాలి ప్రసరణ ఇంకా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువ వచ్చాయని ప్రకటించారు. భవనాలకు ధ్రువపత్రాలు అమ్మే ప్రతివాళ్లూ ఈ అంకెను జెండాలా మోస్తున్నారు. రెట్టింపు అన్నప్పుడే అనుమానం రావాలి. 2018లో జలాంతర్గామి నావికుల మీద అదే తరహా పరీక్ష పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను 15 వేల పీపీఎం దాకా పెంచినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూసిన గాలికి అలవాటు పడ్డ ఎంపికచేసిన మనుషులు కాబట్టి అలా జరిగిందనవచ్చు. కార్బన్ డయాక్సైడ్ స్వయంగా దోషి కాదని, గది గాలి మారడం లేదని చెప్పే గుర్తు మాత్రమేనని కూడా అనవచ్చు. రెండో మాటే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

ఆ నమ్మకానికి బలం ఇచ్చేవి అంత ఆర్భాటం లేని పాత ప్రయోగాలు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పావెల్ వార్గోట్స్‌కీ బృందం 1999లో ఇరవై ఏళ్ల నాటి తివాచీ ఒకదాన్ని తెర వెనక దాచిపెట్టి, ఆ గదిలో కొందరిచేత టైపు చేయించింది. తివాచీ ఉన్న రోజుల్లో తలనొప్పులు పెరిగాయి, టైపింగ్ 6.5 శాతం తగ్గింది. ఎందుకు తగ్గిందో టైపు చేసినవాళ్లకు తెలియదు. 2000లో మసాచుసెట్స్‌లోని ఒక పెద్ద సంస్థ ఉద్యోగుల సెలవు రికార్డులను గాలి ప్రసరణ లెక్కలతో పోల్చినప్పుడు, స్వల్పకాలిక అనారోగ్య సెలవుల్లో 35 శాతం తక్కువ గాలి ప్రసరణకు ముడిపడి ఉన్నాయని అంచనా కట్టారు. గాలి ప్రసరణ పెంచితే కరెంటు బిల్లు పెరుగుతుంది. అది ఒక పద్దు. సెలవులు మరో పద్దు.

ఉష్ణోగ్రత మీద జరిగే తగవులు అందరికీ తెలిసినవే. వాటికి మూలం 1970లో డెన్మార్క్ శాస్త్రవేత్త పౌల్ ఓలె ఫ్యాంగర్ రాసిన సమీకరణంలోనే దొరుకుతుంది. గాలి వేడి, తేమ, గాలి వేగం, చుట్టూ గోడల నుంచి వచ్చే వేడి, ఒంటి మీది బట్టలు, శరీరం పుట్టించే వేడి, ఈ ఆరింటినీ కలిపి ఎంత మందికి హాయిగా ఉంటుందో అది చెబుతుంది. ఎంత చక్కగా అమర్చినా కనీసం 5 శాతం మందికి నచ్చదని ఆ సమీకరణమే ఒప్పుకుంటుంది. దాని ఆధారంగా వచ్చిన ప్రమాణాల్లో శరీర వేడికి 70 కిలోల మగవాడి లెక్క వాడారు. స్త్రీల విషయంలో అది 35 శాతం వరకు ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. శాలువా కప్పుకుని కూర్చునే ఉద్యోగిని అతిగా చలికి వణుకుతున్నట్టు కాదు, లెక్కే ఆమెను వదిలేసింది. రిచర్డ్ డి డియర్, గెయిల్ బ్రేగర్ 1998లో ప్రపంచవ్యాప్తంగా సేకరించిన సుమారు 21 వేల కొలతల నుంచి తేల్చింది ఇంకా ఆసక్తికరం. కిటికీ తెరుచుకోగలిగిన భవనాల్లో మనుషులు ఫ్యాంగర్ లెక్క ఒప్పుకోని వేడిని, చలిని కూడా హాయిగానే భరిస్తారు. వాతావరణానికి అలవాటు పడటం ఒక కారణమైతే, అవసరమైతే తెరుచుకోవచ్చన్న భరోసా ఇంకొకటి.

వెలుతురు దగ్గర ఆశ్చర్యాలు తక్కువ. అమెరికాలో శాక్రమెంటోలోని విద్యుత్ సంస్థ కాల్ సెంటర్‌లో 2003లో జరిగిన అధ్యయనంలో, కిటికీలోంచి మంచి దృశ్యం కనిపించే చోట కూర్చున్నవాళ్లు ఏ దృశ్యమూ లేనివాళ్ల కంటే కాల్స్‌ను 6 నుంచి 12 శాతం వేగంగా పూర్తి చేశారు. పగటి వెలుతురు కిటికీ ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే ఉపయోగపడేంతగా లోపలికి వస్తుంది. అందుచేత భవనం వెడల్పే అసలు నిర్ణయం. అది మొదటి రోజు గీసే గీతలోనే తేలిపోతుంది, తర్వాత ఏ దీపమూ దాన్ని సరిదిద్దలేదు. నిండా అద్దం తొడిగితే సమస్య తీరుతుందనుకోవడం మరో పొరపాటు. ఎండ కొట్టిన గంటలో తెరలు దిగుతాయి, ఎండ పోయాక ఎవరూ ఎత్తరు, లోపల పగలంతా దీపాలు వెలుగుతాయి.

ఇప్పటిదాకా వచ్చిన గాలి, మాట, వేడి, వెలుతురులన్నింటినీ కలిపే దారం ఒకటి ఉంది. బ్రిటన్‌లో ఏడ్రియన్ లీమన్, బిల్ బోర్డస్ కట్టి కొన్నేళ్లయిన భవనాలకు తిరిగి వెళ్లి, లోపలివాళ్లను అడిగి, యంత్రాలను పరీక్షించి, 1999లో పనికి నిజంగా తేడా తెచ్చే అంశాలను గుర్తించారు. మొదటిది సొంత నియంత్రణ. రెండోది ఫిర్యాదు చేస్తే ఎంత త్వరగా స్పందన వస్తుందన్నది. సుమారు 15 మీటర్ల కంటే వెడల్పైన అంతస్తులు, మరీ పెద్ద గుంపులతో కూర్చోబెట్టడం తర్వాత వస్తాయి. మొదటి రెండింటిలో కొత్త సామగ్రి ఏదీ లేదని గమనించండి. 2010లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లమ్ చేసిన ప్రయోగం కూడా ఇటే చూపిస్తుంది. ఖాళీ గదిలో పని చేసినవాళ్లతో పోలిస్తే మొక్కలు, చిత్రాలు ఉన్న గదిలో పని సుమారు 17 శాతం మెరుగైంది. అవే మొక్కలను, చిత్రాలను తమకు నచ్చినట్టు సర్దుకోనిచ్చినవాళ్లలో ఆ మెరుగు 30 శాతం దాటింది. సర్దుకున్నాక ప్రయోగం చేసేవాళ్లు వచ్చి అన్నీ మార్చేసిన గదిలో ఆ లాభం ఆవిరైపోయింది.

ఇది పరీక్షగదిలో కొద్ది గంటల ముచ్చట గనుక 30 శాతం అంకెను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అసలైన ఆఫీసులో దొరికిన అంకె చాలా చిన్నది. అమెరికాలో వెస్ట్ బెండ్ మ్యూచువల్ అనే బీమా సంస్థ 1991లో కొత్త భవనానికి మారినప్పుడు ఒక్కో బల్లకు గాలి, వేడి, వెలుతురు ఎవరికి వాళ్లు మార్చుకునే మీటలు పెట్టింది. పాత భవనంతో పోలిస్తే దస్త్రాల పరిష్కారం సుమారు 16 శాతం పెరిగింది. పరిశోధకులు అంతటితో సంబరపడకుండా కొన్ని బల్లల మీటలను కొంతకాలం ఆపించి చూశారు. మీటల వంతు సుమారు 2 శాతమేనని తేలింది. నేను మొదట్లో వేసిన లెక్క ప్రకారం ఆ 2 శాతమే భవనం ఖర్చులో నాలుగో వంతు.

నియంత్రణ ఇచ్చినట్టు నటించడం మాత్రం తేలిక. దేనికీ కలపని ఉత్తుత్తి థర్మోస్టాట్లు గోడలకు బిగించడం ఈ వృత్తిలో కొత్త కాదు. హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ 1972లో నెదర్లాండ్స్‌లోని ఆపెల్‌డోర్న్‌లో సెంట్రాల్ బేహీర్ బీమా సంస్థకు కట్టిన భవనం దీనికి పూర్తి వ్యతిరేకం. చిన్న చిన్న చదరపు వేదికలుగా విడగొట్టి, కాంక్రీటు దిమ్మెలకు పూత కూడా వేయకుండా వదిలేసి, మిగతాది ఉద్యోగులే నింపుకోవాలన్నాడు. వాళ్లు మొక్కలు, బొమ్మలు, ఇంటి సామాను తెచ్చి నిజంగానే నింపారు.

ఇక మిగిలింది కట్టాక ఎవరు వెనక్కి వెళ్లి చూస్తారన్న ప్రశ్న. బ్రిటన్ వాస్తుశిల్పుల సంస్థ ఆర్ఐబీఏ 1960ల్లో తయారుచేసిన పని ప్రణాళికలో చివరి మెట్టు అదే: భవనం వాడకంలోకి వచ్చాక ఎలా పనిచేస్తోందో పరిశీలించడం. దానికి విడిగా రుసుము ఇవ్వడానికి కట్టించేవాళ్లు సిద్ధపడలేదు. 1972లో ఆ మెట్టును తీసేశారు. నలభై ఏళ్ల తర్వాత 2013లో మరో పేరుతో తిరిగి చేర్చారు. ఈ మధ్యలో 2009లో వచ్చిన సాఫ్ట్ ల్యాండింగ్స్ అనే పద్ధతి ఇంకాస్త ముందుకెళ్లి, తాళాలు అప్పగించాక కూడా మూడేళ్ల వరకు రూపకర్తలు, కట్టినవాళ్లు ఆ భవనాన్ని అంటిపెట్టుకుని ఉండి, లోపలివాళ్లు చెప్పినదాన్ని బట్టి దాన్ని సవరించాలంటుంది. ఆ మూడేళ్ల రుసుము నిర్మాణ ఒప్పందంలో మొదటి రోజే రాసి ఉంటే పని జరుగుతుంది. తర్వాత చూద్దాం అంటే, అప్పటికి నిర్మాణ పద్దు మూసేసి ఉంటారు.